బాబాయి రైఫిల్

2024 అక్టోబరు 5, శనివారం

షూటింగ్ రేంజ్ నుంచి చీకటి పడ్డాక వచ్చాం. బాబాయి దారి పొడుగునా మాట్లాడలేదు.

థర్టీ-ఆట్-సిక్స్ బోల్ట్ యాక్షన్, వాల్‌నట్ చెక్క స్టాక్. ఎనభైల్లో, విస్కాన్సిన్ వచ్చిన కొత్తలో కొనుక్కున్నాడు. ఇన్నేళ్లలో వంద గజాల దగ్గర అయిదు గుళ్లు అంగుళంన్నర దాటి చెదరడం నేను చూడలేదు. ఇవాళ నాలుగంగుళాల పైన చెదిరాయి.

ఎంత చెదిరాయన్నది కాదు, ఎలా చెదిరాయన్నది ముఖ్యం. స్పాటింగ్ స్కోప్‌లో కన్ను పెట్టి, ఏ గుండు ఎక్కడ పడిందో వరసగా నోటుబుక్కులో అంకెలు వేస్తూ వచ్చాను. మొదటిది నల్లచుక్కకు మూడంగుళాలు ఎడమకి, కాస్త కిందికి. రెండోది దానికి కుడిపక్కన, కొంచెం పైన. మూడోది ఇంకా కుడికి. నాలుగు, అయిదు చుక్కలోనే. బ్యారెల్ వేడెక్కుతున్నకొద్దీ గుండు ఒకే దిక్కుకి జరుగుతోంది. వట్టి చెదురుబాటైతే అన్ని వైపులకీ పడేవి. ఇది నడక.

"వేడెక్కాక కుదురుకుంటోంది కదరా" అన్నాడు బాబాయి.

కుదురుకుంటోంది, నిజమే. కానీ నవంబరులో చెట్టు మీద స్టాండ్‌లో రెండు గంటలు కదలకుండా కూర్చున్నాక జింక కనిపిస్తే, పేలేది చల్లగా ఉన్న బ్యారెల్లోంచి మొదటి గుండు. దానికి ముందు నాలుగు కాల్చి వేడి చేసుకోనిచ్చే జింక ఉండదు.

ఈ మాట పైకి అనలేదు. పోయినేడు జరిగింది ఇద్దరికీ గుర్తుంది.

అక్టోబరు 6, ఆదివారం

పోయినేటి సంగతి రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ రిపేరంతా దానికోసమే.

సీజను రెండో రోజు పొద్దున, కుడివైపు ముఖం పెట్టి నిల్చున్న మగజింక. దూరం వంద గజాల లోపే. బాబాయి తొందరపడే మనిషి కాదు. భుజం వెనక గురి పెట్టి కాల్చాడు. జింక నడుము ఒక్కసారి వంచి పొదల్లోకి పోయింది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే అలా పోదు. రాలిన ఆకుల మీద నెత్తురు నల్లగా, అక్కడక్కడా పసరు కలిసి కనిపించింది. పొట్టలో తగిలిందన్న మాట. అలాంటి జింకని వెంటనే తరమకూడదు; వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. గంటల తరబడి ఆగి వెతికాం. సాయంత్రానికి దొరికింది, ఇంకా ప్రాణంతో ఉంది. బాబాయే ముగించాడు. ఆ చలికాలమంతా ఆ మాట ఎత్తితే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు. చెయ్యి వణికింది, వయసైపోయింది అనేవాడు.

ఇవాళ నిన్నటి కాగితం ముందు పరిచి అడిగాను: "బాబాయ్, పోయినేడు జీరో ఎలా చేశావు?" అందరూ చేసినట్టే చేశాడు. బల్ల మీద కూర్చుని వరసగా కాల్చి, గుళ్లు గుంపుగా పడ్డచోటు చూసి స్కోప్ తిప్పుకున్నాడు. అంటే వేడి బ్యారెల్‌కి జీరో చేశాడు. చల్లటి మొదటి గుండు మూడంగుళాలు ఎడమకి, అంటే జింక వెనకవైపుకి పోయింది. జింక ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిదంగుళాల వెడల్పు. మధ్యకి పెట్టిన గురి మూడంగుళాలు పక్కకి పోతే ఇక మిగిలేది ఒక్క అంగుళం. మనిషి చేతిలో సహజంగా ఉండే కదలికకి అదెక్కడ సరిపోతుంది?

ఆయన చాలాసేపు కాగితం కేసి చూశాడు. "అయితే పన్నెండు క్లిక్కులు తిప్పేద్దాం. మొదటిది చుక్కలో పడుతుంది" అన్నాడు. లెక్క సరైనదే. స్కోప్‌లో ఒక క్లిక్కు వంద గజాల దగ్గర పావు అంగుళం. కానీ ఏ కారణం వల్ల జరుగుతోందో తెలియకుండా తిప్పితే, ఇవాళ్టి చలికీ ఇవాళ్టి తేమకీ మాత్రమే సరిపోతుంది. సున్నా కింద పది డిగ్రీల్లో అది ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

కొత్త స్కోప్ కొనాలన్న ఆలోచన కూడా ఆపించాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బాగుపడ్డా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

సాయంత్రం బోల్ట్ తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని ఇద్దరం చూసి, స్క్రూలతో మొదలుపెట్టాం. స్కోప్‌ని పట్టుకునే రింగుల స్క్రూలు, రైఫిల్‌కి బిగించిన బేస్ స్క్రూలు, స్టాక్‌ని యాక్షన్‌కి పట్టి ఉంచే కింది స్క్రూలు. టార్క్ రెంచ్‌తో ఒక్కొక్కటీ చూశాం. చేత్తో గట్టిగా ఉందనిపించడం వేరు, కొలత వేరు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. పిన్ని గోళ్లరంగు అడిగి, ప్రతి స్క్రూ తల మీదుగా పక్క లోహం మీదికి సన్నటి గీత గీశాను. స్క్రూ ఏమాత్రం తిరిగినా గీత విడిపోయి కనిపిస్తుంది.

అక్టోబరు 12, దసరా

పొద్దున ఆయుధపూజ. పిన్ని రైఫిల్‌కి బొట్టు పెట్టి, ఎదురుగా నిమ్మకాయ పెట్టింది. బాబాయి కళ్లు మూసుకుని చాలాసేపు నిల్చున్నాడు. మధ్యాహ్నం రేంజ్‌కి.

ఇవాళ చూడాల్సినవి రెండు. ఒకటి తూటాలు. ఈమధ్య దుకాణంలో దొరికినవి 165 గ్రెయిన్లవి. ఇన్నాళ్లూ వాడింది 180. పాత పెట్టెలో కొన్ని మిగిలి ఉంటే రెండు రకాలూ కాల్చి చూశాం. బరువు మారితే గుండు పడే చోటు మారుతుంది, గుంపు చిన్నదో పెద్దదో అవుతుంది. ఆ తేడా కనిపించింది. నడక మాత్రం రెండింటికీ ఒకటే: ఎడమ నుంచి కుడికి, పైకి.

రెండోది మనిషి. ఇది ఎలా మొదలుపెట్టాలా అని వారమంతా ఆలోచించాను. పెద్దాయన్ని అనుమానించినట్టు ఉండకూడదు. "ముందు నేను కాలుస్తా, నువ్వు తూటా పెట్టు. మందులేని డమ్మీ ఎప్పుడు పెడతావో నాకు చెప్పకు" అన్నాను. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు బ్యారెల్ మూతి కిందికి దిగిందంటే, తన్నుడికి భయపడి ఒళ్లు ముందే బిగుసుకుంటోందని అర్థం. మామూలు తూటాతో ఆ దిగుడు పేలుడులో కలిసిపోయి కనపడదు. నాది అయ్యాక ఆయనే కూర్చున్నాడు. డమ్మీ పడ్డప్పుడు ట్రిగ్గర్ టక్కుమంది. స్కోప్‌లో క్రాస్‌హెయిర్ కదల్లేదు, బ్యారెల్ కదల్లేదు. డెబ్బయ్ నాలుగేళ్ల చెయ్యి.

నేను కాల్చినా అదే నడక, ఆయన కాల్చినా అదే నడక. "నీ చేతిలో తప్పేమీ లేదు బాబాయ్" అన్నాను. ఏమీ అనలేదు గానీ వస్తూ దారిలో టీ తాగుదామని కారు ఆపించాడు.

అక్టోబరు 20, ఆదివారం

బ్యారెల్ శుభ్రం చేశాం. గుండు పైన ఉండే రాగి పొర కాల్చినప్పుడల్లా బ్యారెల్లోని గాళ్లకి కొంత అంటుకుంటుంది. అమ్మోనియా ద్రావకంతో తడిపిన గుడ్డముక్కలు ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకి తోశాం. మొదటివి నల్లగా, ఆ తర్వాతవి నెమలికంఠం రంగులో వచ్చాయి. ఆ రంగు రాగిది. గుడ్డ తెల్లగా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

బ్యారెల్ మూతి అంచు కూడా చూశాం. గుండు రైఫిల్‌ని ఆఖరున తాకేది అక్కడే. అక్కడ చిన్న సొట్ట ఉన్నా వెనకనుంచి తోసుకొచ్చే వాయువు ఒకవైపు ముందు తప్పించుకుని గుండుని పక్కకి నెడుతుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో అంచంతా తిప్పాను. ఎక్కడైనా గరుకుంటే దూదిపోగు చిక్కుకోవాలి. చిక్కుకోలేదు.

శుభ్రం చేసిన బ్యారెల్‌తో మొదటి ఒకటి రెండు గుళ్లు ఎటో పోతుంటాయి, వాటిని బట్టి తీర్పు చెప్పకూడదు. అవి వదిలేసి, చల్లారనిచ్చి కాల్చాం. గుంపు కాస్త బిగిసింది. నడక పోలేదు.

అక్టోబరు 26, శనివారం

స్కోప్ వంతు. నా రైఫిల్ మీద నమ్మకంగా పనిచేస్తున్న స్కోప్ తీసి దీనికి బిగించాను. బోల్ట్ తీసి, బ్యారెల్లోంచి వెనకనుంచి చూస్తూ చుక్క మధ్యలోకి వచ్చేలా పెట్టి, ఆ స్థితిలోనే క్రాస్‌హెయిర్‌ని చుక్క మీదకి తిప్పితే కాగితం మీద పడేంత దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత మామూలే.

అదే నడక. బాబాయి స్కోప్‌కి ఏ జబ్బూ లేదు. దాన్ని నా రైఫిల్ మీద పెట్టి కూడా కాల్చాం, గుళ్లన్నీ ఒకచోటే పడ్డాయి. ఈ రోజుల్లో మంచి స్కోప్ అంటే రైఫిల్ ధరంత ఉంటుంది. గుండు దారి తప్పగానే చాలామంది ముందు దాన్నే మారుస్తారు. అది పోదని కాదు, పోతుంది. కానీ మారుస్తూ స్క్రూలు విప్పి మళ్లీ బిగించేసరికి వేరే ఏదో సర్దుకుని, జబ్బు స్కోప్‌దేనని నమ్మేస్తారు.

మిగిలింది చెక్క.

నవంబరు 2, శనివారం

దీపావళి గురువారం అయిపోయింది. పిన్ని చేసిన కజ్జికాయలు ఇంకా డబ్బాలో ఉన్నాయి. బేస్‌మెంట్‌లో బల్ల మీద పాత దుప్పటి పరిచి రైఫిల్ పడుకోబెట్టాం.

డాలరు నోటుని బ్యారెల్ కింద, స్టాక్ ముందుకొస నుంచి దూర్చి వెనక్కి లాగుతూ వచ్చాను. బ్యారెల్ చెక్కని తాకకుండా ఉంటే నోటు ఛాంబర్ దాకా ఆగకుండా పోవాలి. పోలేదు. కొసకి నాలుగు వేళ్ల దూరంలో ఎడమవైపు పట్టేసింది. కుడివైపు మాత్రం హాయిగా జారిపోయింది.

ముందుకొస దగ్గర చెక్కలోనే చిన్న ఎత్తు పెట్టి, బ్యారెల్‌ని కిందనుంచి కావాలనే ఎత్తి పట్టే పద్ధతి పాత రైఫిళ్లలో ఉంది. దాన్ని తెలియక గీకేస్తే బాగున్న రైఫిల్ పాడవుతుంది. ఇది అది కాదు. ఆ ఎత్తు రెండువైపులా సమానంగా ఉంటుంది. ఇది ఒక్క పక్కనే ఉంది.

ఎక్కడెక్కడ తాకుతోందో కళ్లతో చూడాలనిపించింది. ఇలాంటి పనికి నల్లరంగు జిడ్డు అమ్ముతారు, మా దగ్గర లేదు. పిన్ని కాటుక డబ్బా తెచ్చిచ్చింది. బ్యారెల్ అడుగున వేలితో పల్చగా పూసి, తిన్నగా స్టాక్‌లో దించి, స్క్రూలు బిగించి, మళ్లీ విప్పి పైకెత్తాం. బ్యారెల్ కూర్చునే చెక్క గాడి అంతా శుభ్రంగా ఉంది, ఎడమ గోడ మీద మాత్రం చూపుడువేలంత పొడుగున నల్లటి మచ్చ. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలుచగా. మధ్యలో చెక్క నునుపుగా మెరుస్తోంది కూడా. బ్యారెల్ అక్కడ ఎన్నాళ్లుగా నొక్కుకుంటోందో ఆ మెరుపే చెబుతోంది.

బాబాయి కళ్లజోడు నుదుటి మీదకి తోసి, బొటనవేలితో ఆ చోటు తడిమాడు. "పోయినేడు వేసవిలో కదరా ఇక్కడికి నీళ్లొచ్చింది" అన్నాడు. నాకూ అదే తట్టింది. జూన్ వానల్లో బేస్‌మెంట్ పంపు ఆగిపోయి పాదం ములిగే నీళ్లు. రైఫిళ్ల బీరువా ఆ మూలే ఉంది. నీళ్లు బీరువాలోకి రాలేదు గానీ, ఆ తేమ వారాల తరబడి ఉండిపోయింది. స్టాక్ బయట వార్నిష్ ఉంది. లోపల గాడిలో ఏ పూతా లేదు, వట్టి చెక్క. అది తేమ పీల్చుకుని ఎడమవైపు ఉబ్బి, మళ్లీ ఆరినా పూర్తిగా వెనక్కి రాలేదు. కాల్చినకొద్దీ బ్యారెల్ వేడెక్కి ఆ గోడ మీద ఇంకా ఒత్తుకుంటుంది, గోడ దాన్ని కుడికీ పైకీ నెడుతుంది. కాగితం మీద చూసింది ఇదే.

యాక్షన్ కూర్చున్న చోటు కూడా చూశాం. ముందుకొస దగ్గర బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య వేలు ఆనించి, కింది స్క్రూ వదులు చేస్తుంటే బ్యారెల్ స్ప్రింగులా లేస్తే లోపల ఒంపు ఉన్నట్టు. వేలికి ఏమీ తెలియలేదు. అక్కడ ఎపాక్సీ పోసి కొత్తగా కూర్చోబెట్టే పని తప్పింది.

బాబాయి గరుకుకాగితం పట్టుకుని సిద్ధమయ్యాడు. వద్దన్నాను. చెక్క ఒకసారి గీకితే తిరిగి అంటించలేం. ముందు వెనక్కి తీసుకోగల పరీక్ష చెయ్యాలి.

నవంబరు 9, శనివారం

పాత క్రెడిట్ కార్డు కత్తిరించి, యాక్షన్ కింద స్క్రూల దగ్గర ముందొకటి, వెనకొకటి సన్నటి ముక్కలు పెట్టి బిగించాం. దాంతో బ్యారెల్ ఆ మందం మేర పైకి లేచి, చెక్కని ఎక్కడా తాకడం లేదు. నోటు ఆగకుండా ఛాంబర్ దాకా వెళ్లింది. వేటకి ఇలా చేసుకుని వెళ్లేది కాదు, తెలుసుకోవడానికి మాత్రమే.

చల్లటి బ్యారెల్. మొదటి గుండు పడ్డచోట రెండోది. మూడోది వాటిని ఆనుకుని. ఆగకుండా కాల్చమన్నాను, బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా. గుంపు అంతా చుక్కకి దూరంగా, కానీ ఒకేచోట, అంగుళంన్నర లోపల పడింది. నడక లేదు.

బాబాయి ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, నాలుగు మూలలూ సరిచేసి, తేదీ వేసి సంతకం చేశాడు.

నవంబరు 10, ఆదివారం

గుండ్రటి కర్రముక్కకి గరుకుకాగితం చుట్టి, గాడి పొడుగునా నింపాదిగా రుద్దాం. మధ్యమధ్యలో కాటుక పూసి చూసుకుంటూ. మచ్చ చిన్నదై, చుక్కలై, మాయమైంది. రెండువైపులా నోటు రెండు మడతలు పట్టేంత సందు చేశాం. చెక్కలోకి మరీ లోతుగా పోలేదు. ప్లాస్టిక్ ముక్కలు తీసేశాం.

ముఖ్యమైన పని ఆ తర్వాతది. గాడి లోపలంతా పాలీయురేథేన్ పల్చగా, ఆరనిచ్చి మళ్లీ, ఆరనిచ్చి మళ్లీ. స్క్రూ రంధ్రాల గోడలకీ, వెనక రబ్బరు ప్యాడ్ విప్పి దాని కింది చెక్కకీ కూడా. బయట మెరిసి లోపల తడిపీల్చే స్టాక్ ఈ ఊరి వాతావరణానికి పనికిరాదు.

నవంబరు 16, శనివారం

జీరో చేసే రోజు. ఈసారి వరసగా కాల్చడం లేదు. ఒక గుండు, తర్వాత బోల్ట్ తెరిచి రైఫిల్‌ని పక్కన పెట్టి పూర్తిగా చల్లారనివ్వడం. మళ్లీ ఒక గుండు. మధ్యాహ్నమంతా పట్టింది. పక్క బల్లవాళ్లు పెట్టెలు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మాది అంతా చల్లటి గుళ్ల గుంపు. వంద గజాలకి చుక్క మధ్యలో. అడవిలో మాకు అంతకంటే దూరం కనిపించదు.

సంచుల మీద స్టాక్ ముందుభాగమే ఆనాలి, బ్యారెల్ ఎప్పుడూ ఆనకూడదు. ఇది బాబాయికి నేను చెప్పక్కర్లేదు, నాకు నేర్పింది ఆయనే.

చివర్లో బల్ల వదిలేసి, నేల మీద కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు ఆనించి ఒక్కటి కాల్చాడు. ఊపిరితిత్తుల కొలతకి గీసిన వలయంలో, మధ్యకి దగ్గరగా పడింది.

నవంబరు 24, ఆదివారం

నిన్న సీజను మొదలు. నారింజరంగు కోట్లు, టోపీలు వేసుకుని, తెల్లవారకముందే స్టాండ్‌ల మీదకి చేరాం. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు, కానీ ఆ వెలుగులో బాబాయి ఎప్పుడూ కాల్చడు. గురి వెనక ఏముందో కనిపించాలంటాడు.

పొద్దెక్కాక ఆయన వైపు నుంచి ఒక్క పేలుడు. రెండోది వినపడలేదు. నేను వెళ్లేసరికి ఆడజింక నిల్చున్న చోటు నుంచి పాతిక గజాల్లోనే పడి ఉంది, ప్రాణం అప్పటికే పోయింది. గుండు భుజం వెనక, ఆయన పెట్టిన చోటే దిగింది. బాబాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి పెట్టాడు. నేను కాస్త దూరంలోనే ఆగాను.

ఇవాళ మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేశాం. మర్నాడు సాయంత్రం అయిదులోపు చెయ్యాలి. ఈ జిల్లాల్లో జింకలకి వచ్చే సీడబ్ల్యూడీ జబ్బు 2002 నుంచీ ఉంది కాబట్టి తలని పరీక్షకి ఇచ్చాం. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లో.

రైఫిల్ ఇక బేస్‌మెంట్‌లోకి వెళ్లదు. పైన పడగ్గది అల్మరా ఒకటి పిన్ని ఖాళీ చేసింది, తాళం వేయించాలి. వచ్చే సెప్టెంబరులో మొదటి పని డాలరు నోటు పరీక్ష. రెండో పని, చల్లటి బ్యారెల్‌తో ఒకే ఒక్క గుండు.